సడలించే చెయ్యి ఎవరిది?

తెలుగు రాష్ట్రాలు రెండూ నీళ్ళ కోసం కొట్టుకునేటప్పుడు లెక్కంతా టీఎంసీల్లోనే నడుస్తుంది. శ్రీశైలంలో ఎంత ఉంది, సాగర్ కుడి కాలువకు ఎంత పోయింది, ట్రిబ్యునల్ ఎవరికెంత రాసింది. టీవీ చర్చలన్నీ ఇవే. ఆ నీళ్ళలో ఏం కలిసిందో అడిగేవాళ్ళు తక్కువ. హైదరాబాద్ మురుగు మోసుకుంటూ మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కణ్ణించి కిందికి పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, ఆపైన డెల్టా. ఎగువ రాష్ట్రం నీళ్ళు ఆపితే దిగువ రాష్ట్రం కోర్టుకు పోతుంది. మురికి పంపితే ఏం చేస్తుందో నేనింతవరకు చూడలేదు.

అందుకే 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు నీటి కాలుష్య చట్టాన్ని సవరించినప్పుడు మన దగ్గర పెద్ద చప్పుడు లేకపోవడం వింతగా అనిపించలేదు. 5న రాజ్యసభలో బిల్లు పెట్టారు, 6న అక్కడ పాసైంది, 8న లోక్‌సభ సరే అంది, 15న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. 1974 నాటి చట్టం, యాభై ఏళ్ళు నిండబోతున్న చట్టం. దాన్ని మార్చడానికి రెండు సభలకూ కలిపి పట్టింది ఒక్క వారం కూడా కాదు.

సవరణలో ఏముందో చూద్దాం. ఇంతకుముందు, మురికి వదలొద్దన్న నిషేధాన్ని మీరితే ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ దాకా జైలు ఉండేది. ఇప్పుడు దాని బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా. దాన్ని తేల్చేది కోర్టు కాదు, సర్కారు నియమించిన అధికారి. ఆయన తీర్పు నచ్చకపోతే జరిమానాలో 10 శాతం కట్టి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు (ఎన్జీటీ) పోవచ్చు. పత్రికల్లో వచ్చిన కొద్దిపాటి చర్చా ఈ జైలు–జరిమానా చుట్టూనే తిరిగింది. నాకు మాత్రం మిగతా మూడు మార్పులే ముఖ్యమనిపిస్తాయి. ఫ్యాక్టరీ పెట్టడానికీ నడపడానికీ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర అనుమతి తీసుకోవాలి కదా, మన దగ్గర సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అంటారు, కొన్ని రకాల పరిశ్రమలకు అది అక్కర్లేదని ఇకనుంచి కేంద్రం చెప్పొచ్చు. ఆ అనుమతి ఎలా ఇవ్వాలి, ఎప్పుడు నిరాకరించాలి, ఎప్పుడు రద్దు చెయ్యాలి అన్నదానికి మార్గదర్శకాలు కూడా కేంద్రమే ఇస్తుంది. రాష్ట్ర మండలి ఛైర్మన్‌ను నియమించేది రాష్ట్రమే గానీ, ఆ నియామకం ఏ పద్ధతిలో జరగాలో కేంద్రం రాస్తుంది.

విపక్షం దీన్ని రాష్ట్రాల హక్కుల మీద దెబ్బ అంది. ప్రభుత్వం నమ్మకంతో కూడిన పాలన, వ్యాపారానికి సులువు అంది. రెండు వైపులా మాట్లాడింది అధికారం ఎవరిదన్న దాని గురించే. ఆ అధికారంతో చేసే పని ఏమిటన్నది పక్కకు పోయింది.

రాజ్యాంగం లెక్కలో నీళ్ళు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, 17వ అంశం. ప్రజారోగ్యం కూడా రాష్ట్రానిదే. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో ఉంది గానీ, ఊరి నాలా కంపును ఆ దారిలో పట్టుకోవడం కష్టం. అందుకే 1974లో కేంద్రం 252వ అధికరణాన్ని వాడింది. రెండు, అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేసి అడిగితే, రాష్ట్ర జాబితాలోని విషయం మీద పార్లమెంటు చట్టం చెయ్యొచ్చు. అప్పట్లో 12 రాష్ట్రాలు అడిగాయి. ఆంధ్రప్రదేశ్ ఆ పన్నెండులో లేదు, తర్వాత చేరింది. మన కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది.

252లో ఒక మెలిక ఉంది. చట్టాన్ని ఒకసారి ఒప్పుకున్నాక దాన్ని మార్చే హక్కు రాష్ట్ర శాసనసభకు ఉండదు. మార్చాలన్నా, రద్దు చెయ్యాలన్నా మళ్ళీ పార్లమెంటే, మళ్ళీ అదే తీర్మానాల పద్ధతిలో. 2024 సవరణ కూడా అలాగే వచ్చింది. ముందు హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు. మిగతా రాష్ట్రాలు కావాలంటే తీర్మానం చేసుకుని చేరాలి. రాష్ట్రాల హక్కులు పోతున్నాయని పార్లమెంటులో విపక్షం గొంతెత్తిన రోజున హిమాచల్‌లో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వమే. బద్ది లాంటి మందుల ఫ్యాక్టరీల కేంద్రం ఉన్న రాష్ట్రం కూడా అదే. దాన్నిబట్టి ఎవరి మనసులో ఏముందో నేను చెప్పను. నినాదాలు పార్టీలవారీగా విడిపోయినంత శుభ్రంగా ప్రయోజనాలు విడిపోవన్నది మాత్రం ఖాయం.

గాలి కాలుష్య చట్టం (1981), పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) ఈ దారిలో రాలేదు. 1972 స్టాక్‌హోమ్ సదస్సును చూపించి, అంతర్జాతీయ ఒప్పందాల పేరుతో 253వ అధికరణం కింద వచ్చాయి. వాటికి రాష్ట్రాల అనుమతి అక్కర్లేదు. అంటే నీళ్ళ విషయంలోనూ కేంద్రం చేతిలో బెత్తం ఎప్పట్నించో ఉంది. 1986 చట్టం కింద దేశమంతటికీ వర్తించే ప్రమాణాలు పెట్టొచ్చు, నేరుగా ఫ్యాక్టరీ మూయించొచ్చు, కరెంటు, నీళ్ళు కట్ చేయించొచ్చు. నీటి చట్టంలోనే 18వ సెక్షన్ ఉంది. కేంద్ర మండలి ఆదేశాలను రాష్ట్ర మండలి పట్టించుకోక, పరిస్థితి చెయ్యి దాటితే రాష్ట్ర మండలి పనులను కేంద్ర మండలికే అప్పగించొచ్చు. ఇంత ఉన్నాక 2024లో కొత్తగా ఏం కావాల్సి వచ్చింది? మినహాయింపు ఇచ్చే అధికారం. అప్పటిదాకా కేంద్రం దగ్గర లేనిది అదే.

నా వాదనంతా ఇక్కడే ఉంది. నీళ్ళ శుభ్రత విషయంలో బిగించే అధికారం వేరు, సడలించే అధికారం వేరు. రెండింటినీ కట్టగట్టి ‘కేంద్రానిదా, రాష్ట్రానిదా’ అని అడిగితే జవాబు ఎప్పటికీ తేలదు. ఏ రాష్ట్రమూ దిగకూడని ఒక గీత కేంద్రం గీయాలి. ఆ గీత పైన ఎంత కఠినంగా ఉండాలనుకుంటే అంత ఉండే హక్కు రాష్ట్రానికి, కుదిరితే జిల్లాకు ఉండాలి. గీతను కిందికి జరిపే హక్కు ఎవరికీ ఉండకూడదు, ఢిల్లీకైనా హైదరాబాద్‌కైనా అమరావతికైనా.

గీత కేంద్రమే ఎందుకు గీయాలంటే, రాష్ట్రాల మధ్య పోటీ వల్ల. మేం కఠినంగా ఉంటే పరిశ్రమ పక్క రాష్ట్రానికి పోతుందన్న భయం నిజమైనదే. 2022లో మూడు బల్క్ డ్రగ్ పార్కులకు, అంటే మందుల ముడిసరుకు తయారుచేసే పార్కులకు, కేంద్రం ఒప్పుకుంటే గుజరాత్, హిమాచల్, ఆంధ్రప్రదేశ్‌లకు వచ్చాయి. తెలంగాణకు రాలేదని ఇక్కడ ఎంత రాద్ధాంతం జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఆ పార్కుల వ్యర్థజలాలు ఎటు పోతాయన్న చర్చ దాంట్లో పదో వంతు కూడా జరగలేదు. ఈ పోటీలో రాష్ట్రాన్ని ఒంటరిగా వదిలేస్తే ప్రమాణం కిందికే జారుతుంది. రాష్ట్రాల హక్కుల పేరుతో కేంద్ర ప్రమాణాలే వద్దనే మిత్రులతో నాకు పేచీ అక్కడే.

అలాగని కేంద్రం గీసే గీత గట్టిదన్న భ్రమా నాకు లేదు. దానికి హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు చాలు.

2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీళ్ళను పరీక్షించి లెక్క బయటపెట్టారు. దాదాపు 90 మందుల తయారీ యూనిట్ల వ్యర్థజలాలు చేరే చోటు అది. శుద్ధి చేశాక బయటికొచ్చిన నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. జ్వరానికో మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కో ఆ బిళ్ళ వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మందు కన్నా అది ఎక్కువ. శుద్ధి ప్లాంటులో సూక్ష్మజీవులతోనే పని. అంత యాంటీబయాటిక్ నీళ్ళలో పెరిగి బతికే సూక్ష్మజీవులు ఏ రకంవో, వాటి దగ్గర్నుంచి ఆ మొండితనం ఎక్కడెక్కడికి పాకుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతైనా కేంద్రం కదలడానికి ఏళ్ళు పట్టింది. 2020 జనవరిలో పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో 121 యాంటీబయాటిక్‌లకు ఒక్కోదానికి పరిమితి. ప్రపంచంలో చాలా దేశాలు చెయ్యని పని అది, మెచ్చుకోవాల్సిందే. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. ఆ పరిమితులు అందులో లేవు. గీత గీసి, తడి ఆరకముందే చెరిపేశారు.

ఇప్పుడు రాష్ట్రం వైపు చూడండి. పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం కేంద్రం పెట్టిన ప్రమాణం కన్నా కఠినమైన ప్రమాణం పెట్టుకునే వెసులుబాటు రాష్ట్ర మండలికి ఉంది. నీటి చట్టంలోనూ ఉంది. ఢిల్లీ వదిలేసిన ఆ 121 పరిమితులను హైదరాబాద్‌లో పెట్టొచ్చు, విజయవాడలోనూ పెట్టొచ్చు. బిగించే అధికారం ఉండి వాడనిది రాష్ట్రం, సడలించే అధికారం మరింత కావాలని తెచ్చుకున్నది కేంద్రం.

పటాన్‌చెరు కథలో ఇంకో ముక్క చెప్పాలి. నక్కవాగు, ఇసకవాగుల మీదుగా మంజీరలోకి పోతున్న ఆ నీళ్ళను ఆపడానికి ఊళ్ళ జనం, వాళ్ళ తరఫున నిలబడ్డ డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడారు. 1990లో సుప్రీంకోర్టుకు పోయిన కేసు అక్కణ్ణించి హైకోర్టుకు, అక్కణ్ణించి ఎన్జీటీకి వచ్చి 2017లో తీర్పు చూసింది. మధ్యలో దొరికిన పరిష్కారం ఏమిటంటే, సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఆ నీళ్ళను నగరం మురుగు లైన్లో కలిపి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపడం. గోదావరి వైపు పోయే నీళ్ళు కృష్ణ వైపు మళ్ళాయి. నదుల అనుసంధానం గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళు ఈ అనుసంధానాన్ని ఎప్పుడూ లెక్కలో వేసుకోరెందుకో.

మా మేనమామ వాళ్ళది వలిగొండ దిక్కు మూసీ ఆయకట్టు ఊరు. అక్కడ నది మీద కత్వలుంటాయి, పాత చిన్న ఆనకట్టలు. నీళ్ళు దుంకే చోట నురగ మోకాలెత్తు లేస్తుంది, గాలొస్తే ముద్దలు ముద్దలుగా గట్టు మీదికి ఎగిరొస్తుంది. నాటేసే కూలీలు ఆ మడిలోకి దిగాలంటే కూలి ఎక్కువ అడుగుతారు, పిక్కలకు దురదలు లేస్తాయని. మామ తినడానికి బోరు కింద అరెకరం వేరే పెట్టుకున్నాడు, మూసీ కింద పండింది అమ్ముతాడు. అది ఎవరు తింటున్నారని అడిగితే, ‘‘నువ్వే తింటున్నవేమో అల్లుడా, పట్నంల ఉండేది నువ్వే కద’’ అని నవ్విండు.

కత్వ కాడికి ఎవరో సార్లు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారని, ఆ సీసాలేమయ్యాయో తెలియదని ఆయన ఫిర్యాదు. సీసాల సంగతి నాకు కొంచెం తెలుసు కాబట్టి చెప్పాను. చట్టం ప్రకారం కోర్టులో నిలబడే నమూనా అలా తియ్యరు. ఫ్యాక్టరీ నీళ్ళు బయటికొచ్చే చోట, యాజమాన్యానికి అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, వాళ్ళ మనిషి ఎదురుగా పట్టాలి. పట్టిన నీళ్ళను రెండు భాగాలు చెయ్యాలి, రెండిటికీ సీలు, రెండిటి మీదా ఇద్దరి సంతకాలు. ఆ పద్ధతిలో ఏది తప్పినా ల్యాబ్ రిపోర్టు సాక్ష్యంగా చెల్లదు. కత్వ దగ్గర పట్టిన నీళ్ళు నది చెడిందని చెబుతాయి, ఎవరు చెడగొట్టారో చెప్పవు. మూసీలాంటి నదిలో, వంద నాలాలు కలిశాక, అక్కడ ఎవరి తప్పూ రుజువు కాదు. అందుకే నేరం జరిగాక పట్టుకోవడం కన్నా ముందే అనుమతి దగ్గర ఆపడం మీద ఈ చట్టం బరువంతా పెట్టారు. ఆ అనుమతినే 2024 సవరణ ముట్టుకుంది.

కాలుష్యాన్ని బట్టి పరిశ్రమలను రంగుల పేర్లతో విడగొడతారు. 2024 నవంబరులో ‘వైట్’ కేటగిరీ పరిశ్రమలకు అనుమతి అక్కర్లేదని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. నిజం చెప్పాలంటే దాని మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఆ కేటగిరీలో ఉన్నవి కాలుష్యం దాదాపు లేనివే. వాళ్ళను ఆఫీసుల చుట్టూ తిప్పితే లంచాలకు తప్ప నదికి ఒరిగేది లేదు. కానీ ఏది వైటో, ఏది గ్రీనో, ఏది రెడ్డో రాసే పట్టిక ఢిల్లీలో ఉంటుంది. కత్వ గట్టు మీది మనిషికి ఆ పట్టికలో గీత మారిన సంగతి కూడా తెలియదు. రేపు వేరే రకం పరిశ్రమను మినహాయిస్తే అడ్డం చెప్పేవాళ్ళెవరు? కేంద్ర మండలిని ‘సంప్రదించి’ అని చట్టంలో ఉంది. రాష్ట్ర మండలిని సంప్రదించాలని లేదు.

రాష్ట్రం చేతిలో ఉంటే భద్రమా అంటే అదీ కాదు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లకు పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో 111 జీఓ ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వమే. ఆ పరిధిలో ఒక నూనెల ఫ్యాక్టరీకి మినహాయింపు ఇచ్చిందీ రాష్ట్ర ప్రభుత్వమే. కాలుష్య మండలి ఒప్పుకోలేదు. అనుమతి ఇచ్చేది లేదని మొండికేసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కాలుష్య మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసు అంటే అదే. జంట జలాశయాల నీళ్ళు తాగే లక్షల మంది కన్నా ఒక ఫ్యాక్టరీ మినహాయింపు గొప్పది కాదని కోర్టు మండలి పక్షాన నిలబడింది. ప్రమాదం ఖాయంగా రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు, హాని లేదని చూపించాల్సిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదేనన్న మాట మన న్యాయశాస్త్రంలో గట్టిపడటానికి ఆ కేసు కూడా ఒక కారణం. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 2022లో, తెలంగాణ ప్రభుత్వం 69 జీఓతో ఆ 84 గ్రామాల మీద ఆంక్షలు ఎత్తేసింది. అప్పుడు అడ్డం నిలబడ్డ మొండి మండలి ఈసారి కనిపించలేదు.

ఆ మొండితనం ఎక్కణ్ణించి రావాలి? ఛైర్మన్ దగ్గర్నుంచి. అక్కడ కేంద్రం వాదనలో బలం ఉందని ఒప్పుకోవాలి. దేశంలో చాలా రాష్ట్రాలు ఈ కుర్చీని పదవి దక్కని నాయకులకో, ఇంకో నాలుగు శాఖలు చూసే ఐఏఎస్‌లకో ఇచ్చాయి. 2017లో సుప్రీంకోర్టు దీని మీద విసుక్కుని, అర్హతలకు ఆరు నెలల్లో నియమాలు రాసుకోమని రాష్ట్రాలకు చెప్పింది. రాష్ట్రాలు తాత్సారం చేశాయి, కేంద్రానికి సందు దొరికింది. పైగా మండళ్ళలో దేశమంతటా సుమారు సగం పోస్టులు ఖాళీ. నీళ్ళు వాడే పరిశ్రమల మీద వేసే నీళ్ళ సెస్సు ఉన్న రోజుల్లో అందులో పెద్ద వాటా రాష్ట్ర మండళ్ళకు తిరిగొచ్చేది. 2017లో జీఎస్టీతో అదీ పోయింది. నియామక పద్ధతి కేంద్రం రాసినా, ఇంజనీర్లు లేని, డబ్బు లేని ఆఫీసులో ఎంత అర్హత ఉన్న ఛైర్మన్ కూర్చుని ఏం చేస్తాడు? సవరణలో ఆ రెండిటి గురించి ఒక్క మాట లేదు. కొత్త జరిమానాల డబ్బు కూడా 1986 చట్టం కింది నిధికి జమ అవుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఈ గొడవను ఇంకో రూపంలో చూసే ఉంటారు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ వీటోను కాదని అక్కడి పార్లమెంటు తెచ్చిన క్లీన్ వాటర్ చట్టంలో నేను పైన చెప్పిన గీత ఉంది. ఫెడరల్ ప్రమాణం కన్నా రాష్ట్రం కఠినంగా ఉండొచ్చు, తక్కువగా ఉండకూడదు. దాని 401వ సెక్షన్ ప్రకారం ఫెడరల్ లైసెన్సు కావాల్సిన ప్రాజెక్టుకు కూడా నీళ్ళ విషయంలో రాష్ట్రం ఒప్పుకోవాలి. 2011లో అక్కడి కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ రాష్ట్రాల మీద పెత్తనం చేస్తోందంటూ రిపబ్లికన్ల ప్రతినిధుల సభ ఒక బిల్లు పాస్ చేసింది, అది చట్టం కాలేదు. ఆ తర్వాత న్యూయార్క్ ఒక గ్యాస్ పైపులైనును, వాషింగ్టన్ రాష్ట్రం ఒక బొగ్గు టెర్మినల్‌ను ఇదే 401 కింద ఆపేశాయి. 2020లో ట్రంప్ హయాంలోని ఈపీఏ రాష్ట్రాల ఆ అధికారాన్నే కత్తిరించింది (2023లో బైడెన్ ఈపీఏ మళ్ళీ తిరిగిచ్చింది). రాష్ట్రాల హక్కుల జెండా మోసిన పార్టీయే, రాష్ట్రాలు బిగించడం మొదలుపెట్టగానే ఆ హక్కులు ఎక్కువయ్యాయంది. సడలింపు ఎటు దొరికితే అధికారం అటు ఉండాలనడం మన ఒక్కరి తెలివి కాదన్నమాట.

252 కింద వచ్చే తీర్మానం సాధారణంగా శాసనసభలో నిమిషాల్లో అయిపోతుంది. సభ ముందున్న దారులు రెండే, ఒప్పుకోవడం లేదా మానడం. ‘జరిమానాలు సరే, మినహాయింపు అధికారం వద్దు’ అని విడగొట్టి ఒప్పుకునే వీలు లేదు. కానీ తీర్మానం ఒప్పుకునే ముందు చర్చ పెట్టడానికి, సెలెక్ట్ కమిటీకి పంపి మూసీ రైతునీ పటాన్‌చెరు డాక్టర్‌నీ పిలిచి వినడానికి ఏ రాజ్యాంగమూ అడ్డం రాదు. ఒకసారి ఒప్పుకుంటే వెనక్కి తీసుకోలేని విషయానికి ఆ మాత్రం తీరిక చేసుకోవాలి.

దాంతోపాటు చెయ్యాల్సింది ఇంకోటుంది. మందుల అవశేషాలకు పరిమితులు పెట్టమని రాష్ట్ర మండలికి రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆదేశం ఇవ్వొచ్చు. నీటి చట్టం 18వ సెక్షన్‌లో ఆ అధికారమూ ఉంది. దానికి పార్లమెంటు అక్కర్లేదు, ఢిల్లీ మార్గదర్శకాలు అక్కర్లేదు. మందులు ఏవో, ఒక్కోదానికి ఎంత పరిమితో, 2020 ముసాయిదాలో 121 పేర్లతో పట్టిక సిద్ధంగానే ఉంది.